పులి వాటా, సొర ముక్క

మా మనవరాలికి బళ్ళో ఒక అట్ట ఇచ్చారు. ఎడమవైపు పెద్దపులి బొమ్మ, కుడివైపు సొరచేప బొమ్మ అంటించాలట. వాటి కింద గళ్ళు. ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎన్ని పిల్లల్ని పెడుతుంది, ఎందుకు అంతరించిపోతోంది, మనం ఏం చెయ్యాలి. మొత్తానికి అయిదు మార్కులు. రెండు జంతువుల్ని కాపాడినందుకు అయిదు మార్కులంటే చవగ్గానే ఉంది.

అల్లుడు ఫోన్లో వెతికి చెబుతున్నాడు, మా అమ్మాయి రాస్తోంది, పిల్ల బిస్కెట్ తింటోంది. ఎందుకు అంతరించిపోతోంది అన్న గడిలో వేటగాళ్ళు, కాలుష్యం, అడవుల నరికివేత అని రాశారు. రాసి, బాగా వచ్చిందని ఒకరినొకరు మెచ్చుకున్నారు.

"అమ్మమ్మా, నువ్వు నిజం పులిని చూశావా?" అంది పిల్ల.

"చూశాను."

"జూలోనా?"

"కాదు. కొండ మీద. చచ్చిపోయాక."

అల్లుడు చిన్నగా దగ్గాడు. చిన్నపిల్లల ముందు చావు మాట ఎత్తకూడదని వాళ్ళింటి నియమం. నేను లేచి నా గదిలోకి వచ్చేశాను. ఆ పులిని చంపినవాళ్ళు వేటగాళ్ళు కారు. వాళ్ళలో ఒక్కడికీ తుపాకీ ఎటునుంచి పట్టుకోవాలో తెలీదు. ఒకాయన మా నాన్న, ఇంకొకడు మా చిన్నాన్న. అంత పెద్ద జంతువు అంత అల్పుల చేతుల్లో పోయిందన్న సంగతి నాకిప్పటికీ మింగుడు పడదు.

మాది భీమిలి వైపు సముద్రం ఒడ్డు ఊరు. కొండల్లోకి రైలు పడ్డాక, ఉప్పూ ఎండుచేపా అమ్ముకుంటే అక్కడ దర్జాగా బతకొచ్చని ఎవరో చెబితే మా నాన్న అరకు లోయలో ఒక సంత ఊరు చేరాడు. ముందు రేకుల కొట్టు, వెనక రెండు గదులు. నానమ్మ పదిహేను రోజులకోసారి కిందికి దిగి, ఎండుచేపల తట్టలతో పాసింజరు బండెక్కి పైకి వచ్చేది. ఆవిడ ఎక్కిన పెట్టెలోంచి జనం ముక్కు మూసుకుని పక్క పెట్టెలోకి పోయేవారు. ఆవిడకది మర్యాదగానే తోచేది. పెట్టంతా తనదేనని కాళ్ళు బారజాపుకుని, సొరంగం వచ్చినప్పుడల్లా దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ వచ్చేది.

తట్టల్లో అన్నిటికన్నా కింద సొర ఉండేది. ఉప్పు పెట్టి ఎండేసిన సొరకి ఒక ఘాటు ఉంటుంది. ముక్కులోంచి కళ్ళలోకి ఎక్కుతుంది. మా బట్టలకి, పుస్తకాలకి, చివరికి అమ్మ చేసిన పాయసానికి కూడా ఆ వాసనే. బళ్ళో ఆఫీసర్ల పిల్లలు నా పక్కన కూర్చునేవారు కాదు. మేమేమో కొండవాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళం కాదు. ఎవరి స్థాయికి తగ్గ చిన్నచూపు వాళ్ళకి ఉండేది.

కొండవాళ్ళకేమీ తెలీదు అన్న మాట మా ఇంట్లో రోజుకి పదిసార్లు వినబడేది. ఆ మాట అనే మా నాన్నకి అడ్డాకుకీ మోదుగాకుకీ తేడా తెలీదు. వాన ఎటునుంచి వస్తుందో తెలీదు. పక్క ఊరికి పోవాలంటే ఎవరినైనా తోడడిగేవాడు. పదేళ్ళు ఉన్నాం అక్కడ. ఒక్క చెట్టు పేరు నేర్చుకోలేదు ఆయన.

కొట్టుకి ప్రతి సంతకీ ఒక ముసలాయన వచ్చేవాడు. మా ఊరికి ఎగువన పారే గెడ్డ దాటి ఎక్కితే ముప్పై గడపల పల్లె ఉంది, ఆ పల్లెకి పెద్ద. అడ్డాకుల కట్టలు, పిప్పళ్ళు, కొండచీపుర్లు తెచ్చి అమ్ముకుని, ఉప్పూ ఎండు సొరా కొనుక్కుని వెళ్ళేవాడు. ఆయన మనవరాలు నా ఈడుది. మేమిద్దరం నేస్తం కట్టాం. నా రిబ్బను తనకి, తన పూసల పేట నాకు. వాళ్ళ నానమ్మ ఇద్దరి నుదుటికీ బియ్యం అద్దింది. అప్పణ్ణించి నేను తనని, తను నన్ను నేస్తం అనే పిలిచేవాళ్ళం. మా అమ్మకి ఈ సంగతి తెలిసినప్పుడు పూసల పేట ఉప్పునీళ్ళలో కడిగించింది.

సంత రోజున నానమ్మకీ ముసలాయనకీ ఒక వాదం నడిచేది. ఆవిడ పులిని చూడలేదు, ఆయన సముద్రాన్ని చూడలేదు. చూడనిదాని గురించి ఇద్దరికీ బోలెడు అభిప్రాయాలు.

"సొరకి రెక్కలుంతాయన్నావు గదా సావుకారమ్మా, మరి ఎగరదేటి?"

"ఎగరదు. ఈదుతాది. ఆ రెక్క నీళ్ళ మీద తేలిందంతే పడవలో ఉన్నోళ్ళకి కాళ్ళూ సేతులూ ఆడవు."

"మా పెద్దది అలాక్కాదు. కనబడదు. కనబడిందంతే అప్పటికే పనైపోయినట్టు." వాళ్ళ పల్లెలో పులిని పులి అనరు, పెద్దది అంటారు.

"ఎన్ని పిల్లల్ని పెడతాదేటి మీ పెద్దది?"

"రెండు. మూడు. బతికి బట్టకట్టేది ఒకటి."

"సొర కూడా అంతేనయ్యా పెద్దయ్యా. అన్ని సేపల్లాగ వేలకి వేలు గుడ్లెట్టదు. ఆడమనిసిలాగ కడుపుతో మోసి కంటాది. నాలుగో అయిదో."

ముసలాయన చేతిలో ఎండు సొర ముక్కని తిప్పి తిప్పి చూశాడు. "మరి దానికి వాటా వదుల్తారా మీరు?"

నానమ్మ విరగబడి నవ్వింది. "సముద్రంలో వాటా ఏటి పెద్దయ్యా! వల్లో పడిందంతా మనదే."

"అంతా తీసీసుకుంతే రేపో?"

"రేపు మరోటి వొత్తాది."

ఆయన నవ్వలేదు. నానమ్మ మాత్రం, సూడండర్రా సేపకి వాటా అంట, అని వచ్చిన ప్రతి బేరానికీ చెప్పుకుని సాయంత్రం దాకా నవ్వింది. కానీ ఆయనంటే ఇష్టమే ఆవిడకి. ఆయన మోకాళ్ళ నొప్పులకి తన సొంత డబ్బాలోంచి సొర నూనె ఇచ్చేది. సొర కార్జం కరగబెట్టి తీసిన నూనె. పడవలకి పూస్తారు, కీళ్ళకి రుద్దుతారు. వాసన మాత్రం పగవాడికి కూడా వద్దు. ముసలాయన రోజూ పొద్దున్నే అది మోకాళ్ళకి రుద్దుకునేవాడు. ఆయన వస్తుంటే రెండు మలుపుల ముందే మాకు తెలిసిపోయేది.

నేనూ నేస్తం గెడ్డ దగ్గర సొరా పులీ ఆట ఆడేవాళ్ళం. నేను సొర, నీళ్ళలో ఉండాలి. తను పులి, గట్టు మీద ఉండాలి. తను దిగకూడదు, నేను ఎక్కకూడదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లాగాలి. ఎన్నిసార్లు ఆడినా ఆట తెగేది కాదు. గట్టు అవతల వలిసె చేలు పసుపు పచ్చగా పూసి ఉండేవి. తడిసిన లంగాతో చలికి వణుకుతూ వాళ్ళింటికి పోతే చోడి అంబలి వేడిగా పోసేవారు. మా ఇంట్లో పాలు పోసిన కాఫీ ఉండేది, అయినా నాకు ఆ అంబలే కావాలనిపించేది.

ఒకరోజు అంబలితో పాటు మాంసం పెట్టారు. ముందురోజు ఎవరిదో దున్నని పెద్దది కొట్టిందట. ఆ పల్లెలో పద్ధతేమిటంటే, పులి పశువుని కొడితే మొదటి రాత్రి పూర్తిగా దానికే వదిలేస్తారు. అటువైపు ఎవరూ పోరు. తెల్లారాక డప్పు వాయించుకుంటూ పోయి, అది పక్కకి తప్పుకున్నాక తొడలు కోసి తెచ్చుకుంటారు. గుండెకాయ వైపు భాగం, పక్కటెముకలు మళ్ళీ దానికే వదిలేస్తారు. పశువు ఎలాగూ పోయింది, ఇంక దెబ్బలాట ఎందుకు. ఊరికీ కొంత, దానికీ కొంత. తెచ్చిన మాంసంలో మొదటి ముక్క అక్కడే కాల్చి ఊరి పెద్ద తినాలి. ఆయన తిన్నాక మిగతా ఇళ్ళకి పంపకం.

నేను తిని ఇంటికొచ్చి, వెర్రిమొహాన్ని, గొప్పగా నాన్నతో చెప్పాను. మొదటి రాత్రి పెద్దదానిది, పొద్దున్న మనుషులది, తాత ముందు తింటాడు, అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నాన్న చీపురు తిరగేసి కొట్టాడు. అమ్మ తలంటి పసుపునీళ్ళు పోసింది. పులి ఎంగిలి తిన్నావా, ఆ మాంసం తిన్నావా అని మూడు రోజులు ఇంట్లో ఇదే గొడవ. మా నాన్నకి ఆ పద్ధతి బాగా తెలుసని నేను ఇంత గట్టిగా చెప్పగలగడానికి కారణం నా వీపే.

చిన్నాన్న సంగతి చెప్పాలి. టెరిలిన్ చొక్కా, తలకి చారెడు నూనె. సముద్రం ఒడ్డున సొర రెక్కలు పోగుచేసి మద్రాసు పంపే ఏజెంటు దగ్గర పని. అప్పుడప్పుడు నానమ్మ తట్టలు మోసుకుని పైకి వచ్చి, నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండేవాడు. రెక్కలు ఓడెక్కి పరదేశాలకి పోయేవి, అక్కడెవరో గొప్పవాళ్ళు వాటితో చారు కాచుకు తాగుతారట. రెక్కలు కోసేశాక మిగిలిన ఒళ్ళు ఉప్పుపెట్టి కొండకి పంపేవారు. మొదట్లో వచ్చే సొర ముక్కలు పీట చెక్కంత ఉండేవి. రానురాను అరచెయ్యంత అయ్యాయి. తర్వాత మూరెడు పిల్లసొరలు తలాతోకా చుట్టుకుని తట్టలోకి వచ్చేవి. నానమ్మ వాటిని ఎత్తి చూసి, "ఇంకా పాలుతాగే పిల్లల్రా ఇయ్యి" అనేది. చిన్నాన్న, "కొండోళ్ళకి తెల్తాదేటి" అనేవాడు.

నేనొకసారి అడిగాను. "సిన్నాన్నా, సొరా పులీ కొట్టుకుంతే ఏది గెలుస్తాది?"

"రెండూ ఓడిపోతాయే గుంటా. గెలిచేది నేను," అని చొక్కా గుండీ విప్పి మెళ్ళో గొలుసు చూపించాడు. గొలుసుకి పులిగోరు. వేలకి వేలు పోసి కొన్నానని చెప్పేవాడు.

అది ముసలాయన కంటబడింది. దగ్గరికొచ్చి, గోరుతో గీకి, వాసన చూసి, "ఇది దున్నకొమ్ము బాబూ," అన్నాడు. ఎగతాళికి కాదు, పాపం మోసపోయాడే అని చెప్పాడు. సంత సంతంతా నవ్వింది. చిన్నాన్న మొహం కందగడ్డలా అయింది. ఎండుచేపలు మోసుకొచ్చే మనిషికి కొండవాడి ముందు పరువు పోవడమంటే ప్రాణం పోయినంత పనే.

పులిని చంపితే జైలని అప్పుడప్పుడే రూలు వచ్చింది. రూలు లేనన్నాళ్ళూ చిన్నాన్నకి పులి ఊసే లేదు. రూలు వచ్చాక తోలు ఖరీదు రెట్టింపయిందని ఎవరో చెవిలో ఊదారు. దానికి ఈ అవమానం తోడయింది.

ఆ శీతాకాలం ఒక సంత రోజున మధ్యాహ్నం ముసలాయన దిగులుగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తన దున్నని పెద్దది కొట్టిందట. గెడ్డ పైన, వెదురు పొదల దగ్గర పడి ఉందట.

"మరేటి సేత్తావు?" అంది నానమ్మ.

"ఏటి సేత్తాం. ఈ రాత్రి దానిది. రేపు పొద్దున్న ఎల్లి మా వాటా తెచ్చుకుంతాం. రొండు ఉప్పు ముద్దలియ్యి."

నాన్న ఉప్పు ఇచ్చాడు. స్వయంగా ఆయన చేత్తోనే ఇచ్చాడు. చిన్నాన్న పక్కనే ఉన్నాడు.

ముసలాయన వెళ్ళాక వెనక గదిలో ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేను చింతపండు గింజలు తీస్తూ తలుపు పక్కనే ఉన్నాను. పిల్లలకి చెవులుంటాయని ఆ ఇంట్లో ఎవరికీ తట్టేది కాదు.

"ఎండ్రిన్ సీసా ఉంది గదా," అన్నాడు చిన్నాన్న. పంటకి కొట్టే పురుగుమందు అది. "ఇప్పుడే ఎల్లి దున్నకి పెట్టీసొత్తాను. తొడల్లో గాట్లెట్టి పోస్తే సాలు. రాత్రి తిన్నాదంతే గెడ్డ దాటదు."

"వాసనకి తింతాదేట్రా?"

"అమ్మ సొర నూనె ఉన్నాదిగా. అందులో కలిపితే మందు వాసన రాదు."

"పొద్దున్న ఆళ్ళు మాంసానికెల్తారు మరి," అన్నాడు నాన్న.

"ఆళ్ళకంటే ముందు మనం లెగుద్దాం. తోలు తీసీసి, దున్నని గోతిలో పడీసి వొచ్చీడవే."

"బేగి లెగు అయితే," అన్నాడు నాన్న. అంతే. ఒక పల్లె ప్రాణాల గురించి మా నాన్న చేసిన ఆలోచన మొత్తం అంతే.

చిన్నాన్న సంచీ తగిలించుకుని వెళ్ళి, ఎండ దిగకముందే ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. వచ్చే దారిలో జీలుగు కల్లు తాగాడు. పొద్దున్న నేను లేచేసరికి మంచు విడుతోంది, చిన్నాన్న నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. నాన్న పెరట్లో వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. ఎప్పుడూ తోమేంతసేపటికి మూడింతలు తోమాడు.

"నానా, సిన్నాన్న లెగలేదు," అన్నాను.

"లెగుత్తాడులే."

"తాతోళ్ళు మాంసం తింతారు నానా."

"నీకెందుకే ఆ గొడవ? బడికి పో." ఉమ్మేసి మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు. పైకి వెళ్ళి చెబితే మందు పెట్టింది మేమేనని తెలుస్తుంది. తెలిస్తే జైలు. అందుకని పళ్ళు తోముకుంటున్నాడు.

ఆయనని అన్నాను గానీ నేను మాత్రం ఏం చేశాను? చీపురు గుర్తొచ్చి నోరుమూసుకున్నాను. పెరుగన్నం తిన్నాను. పలక తుడుచుకున్నాను. పైన దూరంగా డప్పు వినబడుతూనే ఉంది. నేస్తం ఇంట్లో పొయ్యి వెలిగించి ఉంటారని తెలుసు. అయినా పలక తుడుచుకున్నాను, అదీ రెండుసార్లు.

అప్పుడు నానమ్మ లోపల్నించి అరిచింది. "నా నూనె డబ్బా ఏదే?"

"సిన్నాన్న అట్టుకెళ్ళాడు," అన్నాను.

"ఆడికి నూనెందుకు?"

చెప్పేశాను. మందు, దున్న, పొద్దున్న వాటా, అంతా చెప్పాను. నానమ్మ ఒక్క క్షణం చిన్నాన్న వైపు చూసింది, ఒక క్షణం పెరటివైపు చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దిగింది.

ఆవిడ ఊరి చివర రైలు గేటు దాటి అవతలికి ఏనాడూ పోలేదు. కొండెక్కడం మనుషుల పని కాదనేది. ఆ పొద్దున్న మంచులో, రాళ్ళ మీద, చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కుతుంటే నేను వెనకపడ్డాను. ఎక్కినంతసేపూ తిడుతూనే ఉంది. కొండని తిట్టింది, ముల్లుని తిట్టింది, పులిని తిట్టింది, ఇద్దరు కొడుకుల్నీ కన్న తన కడుపుని తిట్టింది. గెడ్డ దగ్గర కాలు జారి కూలబడింది. లేచి మళ్ళీ తిట్లు ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి అందుకుంది.

మేం పల్లె చేరేసరికి అడ్డాకుల మీద మాంసం కుప్పలు పెట్టి ఉన్నాయి. ఒక్కో ఇంటికి ఒక్కో కుప్ప. రెండు మూడు గడపల్లో అప్పటికే కుండలు పొయ్యి మీదున్నాయి. నానమ్మ ఎవరినీ పలకరించలేదు. మొదటి గడపలో కుండని కాలితో తన్నేసింది. రెండో గడపలోదీ తన్నేసింది. ఆడవాళ్ళు కేకలేశారు. సావుకారమ్మకి పిచ్చెక్కిందన్నారు. ఒకాయన కర్ర ఎత్తాడు. మా కుండ తన్నడానికి నువ్వెవరివని నేస్తం వాళ్ళ నానమ్మ మీదికొచ్చింది. మా నానమ్మకి రొప్పుతో మాట రావడం లేదు.

"మందు!" అని నేను అరిచాను. "మాంసంలో మందుంది. తినకండి."

చప్పుడు ఆగిపోయింది. గడపల వెనక కుక్క ఒకటి కాళ్ళు కొట్టుకుంటూ గిరగిరా తిరుగుతోంది, అందరూ అప్పుడు చూశారు. నేస్తం చేతిలో గిన్నె ఉంది. అందులో ఉన్నదేదో ఇంకా నోట్లో పెట్టుకోలేదు. వాళ్ళమ్మ ఒక్క దెబ్బ వేసి గిన్నె పడగొట్టింది.

"తాతేడీ?" అన్నాను.

తాత మొదటి ముక్క తిన్నాడు. పద్ధతి ప్రకారం గెడ్డ పైన కాల్చుకుని తిన్నాడు. గుడిసె వెనక గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నోటి పక్కన నురగ, ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. నానమ్మ ఉప్పునీళ్ళు పట్టించి, నోట్లో వేళ్ళు పెట్టి కక్కించింది. ఆయన వాంతి ఆవిడ చేతుల మీద, చీర మీద పడింది. కొండవాళ్ళ చేతి నీళ్ళు తాగని మనిషి ఆవిడ. డోలీ కట్టి ఆయన్ని ఆస్పత్రికి మోసుకుపోతుంటే మాకు ఎదురొచ్చినవాళ్ళలో మా నాన్న లేడు.

ఆయన బతికాడు. కానీ చేతులు వణకడం మొదలై, ఇంక ఆగలేదు. విల్లు పట్టలేకపోయాడు, జీలుగు చెట్టెక్కలేకపోయాడు. ముద్ద కూడా రెండు చేతులతో తినేవాడు. తరవాత ఎవరో అడిగారు, అంత తెలిసినవాడివి, వాసన పట్టలేదా తాతా అని. సొర నూనె వాసన వచ్చిందట. తన మోకాళ్ళదే అనుకున్నాడట.

పులి మూడో రోజు దొరికింది. గెడ్డ వారన తల నీళ్ళలో పెట్టి పడుంది. దాహానికి వచ్చి ఉంటుంది. మా బడి పిల్లలందరం వెళ్ళి చూశాం. ఎండకీ తడికీ ఒళ్ళు ఉబ్బి, వెంట్రుకలు ముట్టుకుంటే ఊడొస్తున్నాయి. ఈగలు. అడివి ఆఫీసు వాళ్ళెవరో వచ్చి కాగితం మీద రాసుకుని పోయారు. చిన్నాన్న దూరం నుంచి చూసి, తోలు పనికిరాకుండా పోయిందని ఇంటికొచ్చి భోజనం మానేశాడు. ఒక్క పూటే లెండి. రాత్రికి తిన్నాడు. ఆ కొండల మీద మళ్ళీ పెద్దది ఉందని నేను వినలేదు. చారెడు నూనె రాసుకునే మా చిన్నాన్న ఒక కొండకి కొండని ఖాళీ చేసి కిందికి దిగిపోయి, సముద్రాన్ని ఖాళీ చేసే పనిలో మళ్ళీ కుదురుకున్నాడు. ఎవరూ అతన్నేమీ అనలేదు.

రెండు సంతలు పోయాక ముసలాయన మనవరాలి భుజం పట్టుకుని మా కొట్టుకి వచ్చాడు. బల్ల మీద కూర్చోలేదు. నాన్న ఎదురుగా నిలబడ్డాడు.

"సావుకారీ, రాత్రి దానిది, పొద్దున్న మాది. నీకు తెల్దా?"

"నాకేటి తెల్సు?" అన్నాడు నాన్న. "అడివిలో మీరేటి సేసుకుంతారో, ఏటి తింతారో నాకెలా తెల్తాది తాతా?"

ముసలాయన నానమ్మ వైపు చూశాడు. ముప్పై గడపల్ని కాపాడిన మనిషి, కొడుకుని కాపాడుకోవడానికి తల దించుకుని చేపల మీద ఈగలు తోలింది. ఆయన నా వైపు చూశాడు. నేను మిరపకాయల బస్తా వైపు చూశాను. మా నాన్నకి తెలుసు, నేనే చెప్పాను, ఉప్పు కూడా ఆయన చేత్తోనే ఇచ్చాడు అని ఒక్క మాట. నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. నాకు పదేళ్ళే కదా అని ఇప్పుడు ఎవరైనా అంటే వినడానికి బాగుంటుంది. నేస్తానికీ పదేళ్ళే.

వాళ్ళు మా కొట్టుకి రావడం మానేస్తారనుకున్నాం. ఎక్కడికి పోతారు? ఉప్పు అమ్మే కొట్టు అదొక్కటే. ఆ తరవాతి సంతకి ముసలాయన వచ్చి, ఎప్పటిలాగే ఎండు సొర అడిగాడు. నాన్న ఇచ్చాడు. ఆయన వణికే చేతుల్తో ఒక కొస విరిచి, నాన్న ముందు పెట్టాడు.

"ముందు నువ్వు తిను," అన్నాడు.

నాన్న నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. వెనక పల్లెవాళ్ళు పదిమంది నిలబడి ఉన్నారు. నాన్న ఆ వండని ఎండు ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. ఆయన మింగాక ముసలాయన సరుకు తీసుకున్నాడు. వెనకవాడు వచ్చాడు. వాడూ ఒక కొస విరిచాడు.

ఆ పల్లెవాళ్ళు అప్పణ్ణించి అంతే. చేప కొన్నా, ఉప్పు కొన్నా, బెల్లం కొన్నా, ముందు నాన్న తినాలి. కోపంగా చెప్పేవారు కాదు, గొడవ చేసేవారు కాదు. అదొక పద్ధతిగా పెట్టుకున్నారు. మేం ఆ ఊరు వదిలేదాకా, ప్రతి సంతకీ, మా నాన్న ఒక్కొక్క బేరానికీ ఒక్కొక్క ముక్క తిన్నాడు. వండని సొర పడక సాయంత్రాలు పెరట్లో వాంతి చేసుకునేవాడు. మర్నాడు మళ్ళీ కొట్టు తెరిచేవాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు. ఆయన పోయినప్పుడు ఏడ్చాను, అది వేరే సంగతి.

ఒక సంతకి నాన్నకి జ్వరమొచ్చి నన్ను కొట్లో కూర్చోబెట్టారు. నేస్తం ఒక్కతే వచ్చింది. కాస్త పొడుగైంది. నన్ను చూసి ఆగింది. నేనే ముందు నవ్వాను. తను సొర అడిగింది. తట్టలోంచి ఉన్నవాటిలో మంచిది, పెద్దది వెతికి ఇచ్చాను. తను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొస విరిచి నా ముందు పెట్టింది.

"తిను," అంది.

తిన్నాను. నేను మింగేదాకా తను నా గొంతు వైపే చూస్తూ నిలబడింది. తరవాత చేప తట్టలో పెట్టుకుని వెళ్ళిపోయింది.